ఒక మిద్దె, ఇరవై ఇళ్లు: ఉమ్మడి సోలార్ పెట్టుకునే పద్ధతి

కర్నూలు ప్రాంతంలో గని, శకునాల గ్రామాల దగ్గరికి వెళ్లి చూస్తే నేల కనిపించదు. దాదాపు 5,900 ఎకరాల్లో ప్యానెళ్లే పరుచుకుని ఉంటాయి. వెయ్యి మెగావాట్ల ఆ పార్కు 2017లో పూర్తయింది. ఎన్‌.పి.కుంటలో మరొకటి, తాడిపత్రి దగ్గర తలారిచెరువులో ఇంకొకటి ఉన్నాయి. మన ఎండతో ఎక్కడెక్కడి ఇళ్లలోనో దీపాలు వెలుగుతున్నాయి. అదే ఎండ కింద, అనంతపురంలో మూడో అంతస్తు ఫ్లాటులో కాపురముండే మనిషి మాత్రం నెలనెలా బిల్లు చూసి నిట్టూర్చి, 'మనకంటూ మిద్దె లేదు కదా, మనకు సోలార్ ఎక్కడిది' అని ఊరుకుంటున్నాడు.

మిద్దె ఉంది. కాకపోతే అది అందరిదీ. అందరిదీ అయిన మిద్దె మీద అందరికీ పనికొచ్చే సోలార్ ఎలా పెట్టుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు, ఒకే వరుసలో దుకాణాలున్న వ్యాపారులకు, బండల పాలిషింగ్ యూనిట్ల వంటి చిన్న పరిశ్రమల వాళ్లకు ఇది ఉపయోగపడుతుంది.

ముందే ఒక మాట. ఉమ్మడి సోలార్ పని ప్యానెళ్ల వల్ల చెడిపోవడం నేను చూడలేదు. వాటాల దగ్గర చెడిపోవడం చూశాను. మా అపార్టుమెంటులో మొదటిసారి ప్రయత్నించినప్పుడు మేం ప్యానెళ్ల దగ్గర మొదలుపెట్టాం. నాలుగు కొటేషన్లు తెప్పించాం, ఏ కంపెనీ మంచిదో వాదించుకున్నాం. చివరి సమావేశంలో మొదటి అంతస్తులో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ లేచి, 'నాయనా, నేను నెలకు డెబ్భై యూనిట్లు కూడా కాల్చను. మూడు ఏసీలున్న ఇంటితో సమానంగా నేనెందుకు కట్టాలి?' అని అడిగింది. జవాబు మా ఎవరి దగ్గరా లేదు. పని ఏడాది పాటు మూలన పడింది. ఆమె అడిగింది నూటికి నూరుపాళ్లు న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు కాగితం మీద రాసుకున్నాకే మిగతా పనులు కదిలాయి. అందుకే ఈ క్రమం సాధారణంగా చెప్పే క్రమానికి కొంచెం తిరగబడి ఉంటుంది.

ముందు ఏ రకం కావాలో తేల్చుకోండి

ఉమ్మడి సోలార్ అంటే ఒకటే పద్ధతి కాదు. మన ప్రాంతంలో పనికొచ్చేవి నాలుగు.

అన్నిటికన్నా సులువైనది ఉమ్మడి మీటరుకు సోలార్ కలపడం. అపార్టుమెంటులో లిఫ్టు, బోరు మోటారు, మెట్ల దీపాలు, ఆవరణలోని లైట్లు అన్నీ ఒక సర్వీసు మీద నడుస్తాయి. ఆ మీటరుకు నెట్ మీటరింగ్ తీసుకుంటే చాలు. ప్యానెళ్లు పగలు తయారుచేసిన కరెంటును మోటారు వాడుకుంటుంది, మిగిలింది గ్రిడ్డులోకి పోతుంది, రాత్రి లైట్లకు వాడిన దానిలోంచి అది తగ్గుతుంది. ఇంటింటి వాటాల లెక్క ఇందులో ఉండదు. నెలవారీ నిర్వహణ రుసుము తగ్గితే అందరికీ తగ్గినట్టే.

రెండోది వర్చువల్ నెట్ మీటరింగ్. మిద్దె మీద ఒకే ప్లాంటు ఉంటుంది, దాని యూనిట్లు ముందుగా రాసుకున్న శాతాల ప్రకారం ఒక్కో ఇంటి బిల్లులో తగ్గుతాయి. మీ ఇంట్లోకి ప్యానెల్ నుంచి వైరు రాదు, లెక్క మాత్రమే వస్తుంది. అసలైన ఉమ్మడి సోలార్ ఇదే. ఢిల్లీలో 2019లోనే దీనికి మార్గదర్శకాలు వచ్చాయి. ఇళ్ల మిద్దెల మీద సోలార్‌కు కేంద్రం రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కూడా ఈ పద్ధతిలో పెట్టిన ఇళ్ల ప్లాంట్లను రాయితీకి అర్హమైనవిగానే చూస్తుంది. మన రాష్ట్రంలో ఇలాంటి వాటికి నియమాలు రాసేది ఏపీ విద్యుత్ నియంత్రణ మండలి. దాని కార్యాలయం మన కర్నూలులోనే, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. కర్నూలు, అనంతపురం, కడప మూడింటికీ కరెంటు ఇచ్చేది తిరుపతి కేంద్రంగా పనిచేసే ఎస్‌పీడీసీఎల్. మీ ప్రాంతంలోని ఆ సంస్థ ఇంజినీరు (ఏడీఈ) కార్యాలయానికి వెళ్లి, వర్చువల్ నెట్ మీటరింగ్‌కు ఈరోజు అమల్లో ఉన్న నిబంధన ప్రతి, దరఖాస్తు నమూనా ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే నోటిమాటే జవాబుగా వస్తుంది. ఆ కాగితం చేతికి వచ్చేలోపు ఉమ్మడి మీటరు పని మొదలుపెట్టుకోవచ్చు. రెండూ ఒకదానికొకటి అడ్డు కావు.

మూడోది గ్రూప్ నెట్ మీటరింగ్. ఇది పదిమందికి కాదు, ఒక్కరికే చెందిన పలు మీటర్లకు. ఆదోనిలో గోదాము, ఎమ్మిగనూరులో దుకాణం ఉన్న వ్యాపారి గోదాము మీద ప్లాంటు పెట్టి, మిగిలిన యూనిట్లను దుకాణం బిల్లులో తగ్గించుకోవాలనుకుంటే అడగాల్సింది దీని గురించి. నాలుగోది పెద్ద వాడకందార్లు కలిసి పెట్టుకునే సొంత వినియోగపు ప్లాంటు. దాని గురించి చివర్లో విడిగా చెబుతాను.

పన్నెండు నెలల బిల్లులు ఒక బల్ల మీద పరవండి

ఒక్క నెల బిల్లు చూసి ప్లాంటు సైజు నిర్ణయించకండి. అనంతపురంలో ఏప్రిల్ బిల్లుకూ డిసెంబరు బిల్లుకూ పోలికే ఉండదు. ఏడాది బిల్లులన్నీ తీసి యూనిట్లు మాత్రం ఒక నోటు పుస్తకంలో రాయండి, పన్నెండుతో భాగించండి.

మా పద్ధతి చెబుతాను. మా ఇరవై ఫ్లాట్లకు అయిదు హార్స్‌పవర్ మోటారు ఉంది. అది దాదాపు 3.7 కిలోవాట్లు లాగుతుంది, రోజుకు నాలుగు గంటలు నడిస్తే పదిహేను యూనిట్లు. లిఫ్టు, మెట్ల దీపాలు, వాచ్‌మన్ గది కలిపి మరో తొమ్మిది, పది. అంటే రోజుకు పాతిక, నెలకు 750 యూనిట్లు. మన ఎండకు ఒక కిలోవాటు ప్లాంటు ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తుంది. పాతికను నాలుగుతో భాగిస్తే ఆరు కిలోవాట్లు. కిలోవాటుకు వంద చదరపు అడుగుల చొప్పున ఆరు వందల అడుగుల స్థలం కావాలి. లెక్క ఇంతే. దీనికి పది పేజీల నివేదికతో పనిలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. మన గృహ టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. రేట్లు మారుతుంటాయి కాబట్టి మీ తాజా బిల్లుతో సరిచూసుకోండి. మీటరు ఏ కేటగిరీలో ఉందో కూడా చూడండి. 750 యూనిట్లను ఈ మెట్ల ప్రకారం లెక్కేస్తే వాడిన యూనిట్ల ఛార్జీ ఒక్కటే 5,960 రూపాయలు. ఏడాదికి డెబ్భై వేలు దాటుతుంది. ఆరు కిలోవాట్లకు, కిలోవాటుకు యాభై నుంచి అరవై వేలు అనుకుంటే, మూడు లక్షల నుంచి మూడు లక్షల అరవై వేలు. పీఎం సూర్యఘర్ కింద గృహ సముదాయాల ఉమ్మడి సదుపాయాలకు కిలోవాటుకు రూ.18,000 రాయితీ ఉంది కాబట్టి 1,08,000 తిరిగి వస్తుంది. మిగిలేది రెండు నుంచి రెండున్నర లక్షలు, అంటే ఇల్లుకు పది, పన్నెండు వేలు. మూడు, మూడున్నరేళ్లలో పెట్టుబడి తిరిగి వచ్చేస్తుంది. ప్యానెళ్లకు పాతికేళ్ల పనితీరు వారంటీ ఉంటుంది.

బిల్లు సున్నా అవుతుందని మాత్రం ఎవరికీ మాటివ్వకండి. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ లాంటివి ఉండనే ఉంటాయి. సున్నా వస్తుందని చెప్పి రెండు వందల బిల్లు వస్తే, మీరు ఆదా చేసిన అయిదు వేలు ఎవరికీ గుర్తుండవు.

వాటాల కాగితం

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

వర్చువల్ పద్ధతిలో ఇళ్లకు వాటాలు పంచుకుంటున్నారనుకోండి. అందరికీ సమానంగా పంచితే న్యాయమని పైకి అనిపిస్తుంది. కాదు. ఎందుకో ఆ పెద్దావిడ బిల్లుతోనే చూద్దాం. ఆమె వాడేది 70 యూనిట్లు, ఛార్జీ 177 రూపాయలు. ఆమెకు 50 యూనిట్ల సోలార్ ఇస్తే మిగిలే ఇరవైకి 38 రూపాయలు. ఆదా 139, అంటే యూనిట్‌కు మూడు రూపాయలు కూడా పడదు. అదే 300 యూనిట్లు వాడే ఇల్లు 1,673 రూపాయలు కడుతోంది. వాళ్లకు 150 యూనిట్ల సోలార్ ఇస్తే 567కు దిగుతుంది. ఆదా 1,106, యూనిట్‌కు ఏడు రూపాయల పైన. ఒకే మిద్దె, ఒకే ప్యానెల్, ఒకే ఎండ. కానీ ఒకరికి యూనిట్ విలువ మూడు, ఇంకొకరికి ఏడు.

కాబట్టి వాటా ఇంటికి ఒకటి అని కాకుండా, ఎవరి అవసరాన్నిబట్టి వాళ్లు కొనుక్కునేలా పెట్టండి. ఒక కిలోవాటును ఒక వాటాగా తీసుకుంటే నెలకు సుమారు 120 యూనిట్లు వస్తాయి. మూడు వందలు కాల్చేవాళ్లు రెండు వాటాలు తీసుకోవచ్చు. వంద లోపు కాల్చేవాళ్లు అసలు తీసుకోకపోయినా నష్టం లేదు, ఉమ్మడి మీటరు సోలార్‌లో ఎలాగూ భాగముంటుంది. ఆ పెద్దావిడ చివరికి అలాగే చేసింది. ఇప్పుడు మా సమావేశాల్లో లెక్కలు అడిగేది ఎక్కువగా ఆమే. అడిగేవాళ్లుంటేనే లెక్క శుభ్రంగా ఉంటుంది.

వాటాలు తీసుకోని ఇంటికీ మిద్దెలో భాగముందన్న సంగతి మరవకండి. వాళ్ల భాగంలో కూడా ప్యానెల్ కూర్చుంటోంది. మేం ఉమ్మడి ప్లాంటుకు పోగా మిగిలిన స్థలాన్ని వాటాదారులు వాడుకున్నందుకు సంఘానికి ఏడాదికి కొంత అద్దె కట్టాలని రాసుకున్నాం. చిన్న మొత్తమే, కానీ దానివల్ల 'మా నెత్తిన పెట్టుకుని మీరు తింటున్నారు' అన్న మాట రాలేదు. పై అంతస్తు వాళ్లు మిద్దె తమదేనని అనుకోవడం ప్రతి అపార్టుమెంటులోనూ ఉంటుంది. రిజిస్ట్రేషన్ పత్రంలో అవిభాజ్యపు వాటా గురించి ఏం రాసి ఉందో అందరి ముందూ చదివించండి, చర్చ అక్కడితో ఆగుతుంది.

తీర్మానంలో ఇంకా ఏమేం రాయాలంటే: ఫ్లాటు అమ్మితే వాటా ఫ్లాటుతో పోతుందా, పాత యజమాని ఇతరులకు అమ్ముకోవచ్చా? ఫ్లాటుతోనే పోవాలని రాయడం మేలు. లేకపోతే ఊళ్లో లేని మనిషి పేరున వాటా ఉండిపోయి సంతకాల కోసం తిరగాల్సి వస్తుంది. అద్దెకున్నవాళ్ల బిల్లు తగ్గితే ఆ లాభం ఎవరిది? పెట్టుబడి యజమానిది కాబట్టి అద్దె ఒప్పందంలో ఆ సంగతి రాసుకోమని చెప్పండి. మిద్దె కారితే ప్యానెళ్లు విప్పి మళ్లీ బిగించే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టరు వారంటీ చాలావరకు అయిదు నుంచి పదేళ్లే ఉంటుంది, పాతికేళ్లు రాదు. అందుకని మొదటి నెల నుంచే ప్రతి వాటా మీద కొంత మొత్తం ఇన్వర్టరు నిధిగా పక్కన పెట్టండి. ఎవరైనా కట్టకపోతే వాళ్ల శాతం ఏమవుతుంది? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడతాం. ఇరుగుపొరుగులం కదా అనుకుంటాం. మొహమాటం లేకుండా ఇప్పుడే రాసుకుంటేనే పదేళ్ల తర్వాత కూడా ఇరుగుపొరుగులుగా ఉంటాం.

ఇదంతా సంఘం మినిట్స్ పుస్తకంలో తీర్మానంగా రాసి, అందరి సంతకాలూ తీసుకోండి. సంఘానికి రిజిస్ట్రేషన్, పాన్ కార్డు, సంఘం పేరునే బ్యాంకు ఖాతా ఉండాలి. 2001 నాటి సొసైటీల చట్టం కింద గానీ, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద గానీ రిజిస్టరు చేసుకోవచ్చు. అధ్యక్షుడి సొంత ఖాతాలో డబ్బు వేయడం మాత్రం వద్దు. ఆయన ఎంత మంచివారైనా సరే.

మిద్దె ఎక్కి నీడ గీయండి

ఒక సుద్దముక్క పట్టుకుని మిద్దె ఎక్కండి. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, మూడింటికి నీళ్ల ట్యాంకు, లిఫ్టు గది, పిట్టగోడ నీడలు ఎక్కడిదాకా వచ్చాయో గీతలు గీయండి. దీన్ని డిసెంబరు చివర్లో చేస్తే ఇంకా మంచిది, ఏడాది మొత్తంలో మధ్యాహ్నపు నీడ పొడుగ్గా పడేది అప్పుడే. అనంతపురం అక్షాంశానికి ఆరడుగుల ట్యాంకు డిసెంబరు మధ్యాహ్నం ఉత్తరం వైపు దాదాపు అయిదడుగుల నీడ వేస్తుంది. జూన్‌లో సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరంగా నడుస్తాడు కాబట్టి అదే ట్యాంకు నీడ దక్షిణానికి తిరిగి అడుగు కూడా ఉండదు. వేసవిలో కొలతలు తీసుకుని ట్యాంకుకు ఉత్తరాన ప్యానెళ్లు బిగిస్తే చలికాలమంతా నీడలో ఉంటాయి. ప్యానెళ్లు వరుసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి, ఒకదాని మీద నీడ పడితే ఆ వరుస మొత్తం దిగుబడి పడిపోతుంది. మాకు కొలతలు తీసిన కాంట్రాక్టరు మే నెలలో వచ్చి వెళ్లాడు. సుద్దగీతలు గీసి ఉండకపోతే రెండు ప్యానెళ్లు ట్యాంకు వెనకే కూర్చునేవి.

ప్యానెళ్లు దక్షిణం వైపు చూడాలి, మన దగ్గర పధ్నాలుగు, పదిహేను డిగ్రీల వాలు సరిపోతుంది.

మిద్దె మీద ఇప్పుడు ఏం జరుగుతోందో కూడా చూడండి. మా దగ్గర మొదటి అభ్యంతరం డబ్బు గురించి రాలేదు. 'వడియాలు ఎక్కడ పెట్టుకోవాలి, ఎండుమిర్చి ఎక్కడ ఆరబోయాలి, ఎండాకాలం రాత్రి కరెంటు పోతే పడుకునేదెక్కడ' అని వచ్చింది. సమంజసమైన అభ్యంతరమే. ఏడెనిమిది అడుగుల ఎత్తు స్తంభాల మీద ప్యానెళ్లు వేయిస్తే కింద జాగా మిగులుతుంది, పైగా నీడ వస్తుంది. ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి తాకిడి కూడా పెరుగుతుంది. ఆషాఢంలో అనంతపురం గాలి సంగతి మీకు వేరే చెప్పాలా? రేకులు లేచిపోయే గాలి అది. స్తంభాలకు గాలి లెక్క వేసిన ఇంజినీరు సంతకమున్న డ్రాయింగు తీసుకోండి. శ్లాబుకు నేరుగా రంధ్రాలు వేయనివ్వకండి. కాంక్రీటు దిమ్మెలు పోసి వాటి మీద బిగించమనండి. రంధ్రం వేసిన చోట మూడో వానాకాలానికి కింద ఫ్లాటు పైకప్పు మీద తడి మరక కనిపిస్తుంది.

దరఖాస్తు

దరఖాస్తుకు ముందు ఉమ్మడి మీటరు ఎవరి పేరున ఉందో చూడండి. చాలా చోట్ల అది ఇల్లు కట్టిన బిల్డరు పేరునే ఉండిపోయి ఉంటుంది. సంఘం పేరుకు మార్పించుకోకుండా పోర్టల్‌లోకి వెళ్తే ఎక్కడో ఒకచోట ఆగిపోతారు. మాకు ఈ ఒక్క పనికే రెండు నెలలు పట్టింది. పాత బకాయి ఉంటే కట్టేసి, పేరు మార్పుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, వాటాల చర్చ జరుగుతుండగానే అది పూర్తవుతుంది.

తర్వాత పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో సర్వీసు నంబరుతో నమోదు చేసుకోవాలి. సంఘాలకు రాయితీ ఉమ్మడి సదుపాయాలకు వర్తిస్తుంది, ఇంటికి మూడు కిలోవాట్ల లెక్కన 500 కిలోవాట్ల వరకు. విడి ఇళ్లకైతే మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు రూ.30,000, మూడోదానికి రూ.18,000, మొత్తం గరిష్ఠం రూ.78,000. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా అమరుస్తోంది, బీసీ కుటుంబాలకు కేంద్ర రాయితీకి తోడు రెండు కిలోవాట్లకు మరో రూ.20,000 ఇస్తోంది. మీ భవనంలో అలాంటి కుటుంబాలుంటే ఉమ్మడి వాటాకు సంతకం పెట్టించే ముందు ఈ సంగతి వాళ్లకు చెప్పడం సంఘం బాధ్యత. పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం వరకే కాబట్టి ఆలస్యం చేయకండి.

పది కిలోవాట్ల వరకు ప్లాంటుకు సాంకేతిక పరిశీలన కోసం ఆగనవసరం లేదు, 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం అది ఆమోదం పొందినట్టే లెక్క. దానికి మించితే కార్యాలయం వాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం చూస్తారు. అక్కడి నుంచి వరస మామూలే: నమోదైన విక్రేతను ఎంచుకోవడం, ఒప్పందం, బిగింపు, తనిఖీ, రెండువైపులా లెక్కించే మీటరు, ఆ తర్వాత రాయితీ ఖాతాలో పడటం. రాయితీ చివర్లో వస్తుంది. మొదట మొత్తం డబ్బు మీ దగ్గరుండాలి, దానికి తగ్గట్టు వసూలు చేసుకోండి.

కొటేషన్ చదవడం

కొటేషన్‌లో అందరూ చివరి అంకె చూస్తారు. మీరు ఇవి చూడండి. ప్యానెళ్లు దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవేనా? కాకపోతే రాయితీ రాదు. కేంద్రం ఆమోదించిన మోడళ్ల జాబితాలో ఉన్నాయా? స్తంభాల ఇనుముకు గాల్వనైజింగ్ (తుప్పు పట్టకుండా వేసే జింకు పూత) మందం ఎన్ని మైక్రాన్లు? 80 మైక్రాన్లు అడగండి. ప్యానెళ్లకు, ఇన్వర్టరు వైపు, పిడుగు నిరోధకానికి వేర్వేరు ఎర్తింగు గుంతలు ఉన్నాయా? మన నేల పొడి నేల. వేసవిలో గుంత ఎండిపోతే ఎర్తింగు ఉన్నా లేనట్టే. గుంతలో నీళ్లు పోసే వీలు ఉండాలి, ఏడాదికోసారి రెసిస్టెన్స్ కొలిపించాలి.

డబ్బు ఒకేసారి ఇవ్వకండి. సామాను దిగినప్పుడు కొంత, బిగించాక కొంత, నెట్ మీటరు తిరగడం మొదలయ్యాక చివరి భాగం. మేం తొంభై శాతం ముందే ఇచ్చేశాం. తర్వాత మీటరు కోసం తిరగాల్సిన బాధ్యత ఎవరికీ లేకుండా పోయి, మా ప్యానెళ్లు నెలన్నర ఊరికే ఎండలో కూర్చున్నాయి. చివరి ఇరవై శాతం మీ చేతిలో ఉంచుకోండి.

ఒక సంగతి అందరికీ ముందే చెప్పండి: ఊళ్లో కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది. తీగల మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికి ముప్పు రాకుండా ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోయేలా చేస్తారు. కరెంటు పోయినా లిఫ్టు నడవాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి, అది వేరే ఖర్చు.

దుకాణాలు, బండల యూనిట్లు

వ్యాపార కనెక్షన్లకు సూర్యఘర్ రాయితీ లేదు. కానీ వాళ్ల యూనిట్ ధర ఇళ్లకన్నా ఎక్కువ కాబట్టి రాయితీ లేకుండానే లెక్క నిలబడుతుంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు సోలార్ సామగ్రి మీద ఏడాదికి 40 శాతం తరుగుదల చూపుకునే వీలుంది. పెట్టుబడి లేకపోతే వేరే సంస్థ మీ కప్పు మీద ప్లాంటు పెట్టి యూనిట్‌కు ఇంత అని వసూలు చేసుకునే రెస్కో పద్ధతి ఉంది. అలాంటి ఒప్పందంలో ఏటా ధర ఎంత శాతం పెరుగుతుందో రాసిన వాక్యాన్ని మూడుసార్లు చదవండి.

తాడిపత్రి, బేతంచెర్ల ప్రాంతాల్లో బండల పాలిషింగ్ యూనిట్ల వాళ్లు కలిసి బయట పొలంలో ఒక ప్లాంటు పెట్టుకోవడం గురించి ఆలోచించాలని నా బలమైన అభిప్రాయం. వాళ్ల యంత్రాలు నడిచేది పగలే, ఎండ కాసేదీ పగలే. రేకుల షెడ్ల మీద స్థలం తక్కువ, పైగా రాతిపొడి. 2005 నాటి విద్యుత్ నిబంధనల ప్రకారం సొంత వినియోగపు ప్లాంటుగా గుర్తింపు రావాలంటే వాడుకునేవాళ్లకు కనీసం 26 శాతం యాజమాన్యం ఉండాలి, ఏడాదిలో తయారైన కరెంటులో కనీసం 51 శాతం వాళ్లే వాడాలి. పలువురు కలిసి పెట్టుకుంటే ఒక్కొక్కరూ తమ వాటా నిష్పత్తిలోనే వాడాలి, పది శాతానికి మించి తేడా రాకూడదు. ఒక యూనిట్ ఆర్డర్లు లేక మూడు నెలలు మూతపడితే ఈ నిష్పత్తి తప్పుతుంది. అదే సహకార సంఘంగా రిజిస్టరు చేసుకుంటే ఈ షరతులను సభ్యులందరూ ఉమ్మడిగా నెరవేర్చినా చాలు. ఎవరి పని ఏ నెలలో మందగిస్తుందో చెప్పలేని బండల వ్యాపారానికి సహకార సంఘమే తగినది. సొంత వినియోగపు ప్లాంటు నుంచి కరెంటు తెచ్చుకోవడానికి 2022 నాటి హరిత ఇంధన ఓపెన్ యాక్సెస్ (వేరేచోట తయారైన కరెంటును గ్రిడ్డు తీగల మీదుగా తెచ్చుకునే వీలు) నిబంధనల్లో లోడ్ పరిమితి లేదు. బయటివాళ్ల దగ్గర కొనుక్కునేవాళ్లకు మాత్రం వంద కిలోవాట్లు ఉండాలి, ఒకే విద్యుత్ డివిజన్‌లోని మీ కనెక్షన్లన్నీ కలిపి చూపినా సరే. వీలింగ్ ఛార్జీలు (వాళ్ల తీగలు వాడుకున్నందుకు కట్టేవి), ఇతర రుసుములు కలిపి యూనిట్ ఎంత పడుతుందో ఎస్‌పీడీసీఎల్ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే పొలానికి బయానా ఇవ్వండి.

బిగించిన తర్వాత

మన దగ్గర ప్యానెల్‌కు శత్రువు దుమ్ము. వాన తక్కువ కాబట్టి దానంతట అది కడుక్కుపోదు. పదిహేను రోజులకోసారి కడగాలి, రాతిపొడి ఎగిరే చోట్ల వారానికోసారి. ఉదయం ఎండ ఎక్కకముందే కడగండి. మధ్యాహ్నం కాగిపోయి ఉన్న అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగుళ్లు రావచ్చు. బోరు నీళ్లు వాడకండి. మా వాచ్‌మన్ మొదట్లో బోరు పైపుతోనే కడిగాడు. నెల తిరిగేసరికి అద్దం కింది అంచున తెల్లటి చారలు కట్టాయి, వేలితో గీస్తే పొడి రాలలేదు, గోరుతో గీకితే గీత పడింది. పాత బిందె లోపల కట్టే సున్నం పొర లాంటిదే అది. అప్పటినుంచి పీఏబీఆర్ (పెన్నహోబిలం జలాశయం) నుంచి వచ్చే కొళాయి నీళ్లు ఒక డ్రమ్ములో పట్టి, మెత్తటి గుడ్డ చుట్టిన కర్రతో తుడిపిస్తున్నాం. డిటర్జెంట్ వేయనివ్వం.

మే నెలలో దిగుబడి ఆకాశాన్నంటుతుందని ఎదురుచూడకండి. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ ప్యానెల్ దిగుబడి మూడోవంతు శాతం దాకా తగ్గుతుంది. మే మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే పదమూడు, పద్నాలుగు శాతం అక్కడే పోతుంది. ఎండ బాగా కాస్తూ వేడి ముదరని ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే మన ప్లాంట్లు బాగా పండుతాయి.

ఒకటో తేదీ ఉదయం మీటరు దగ్గరకు వెళ్లి మూడు అంకెలు రాయండి: గ్రిడ్డు నుంచి తీసుకున్నవి, గ్రిడ్డుకు ఇచ్చినవి, ఇన్వర్టరు మీద చూపే మొత్తం తయారీ. ఆ కాగితాన్ని లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద అతికించండి. మా దగ్గర ఆ పని చేసేది ఏడో తరగతి చదివే ఒక పిల్ల. మొన్న జూలైలో తయారీ అంకె ముందు నెలకన్నా బాగా తగ్గిందని ఆ పిల్లే పట్టుకుంది. పైకెక్కి చూస్తే ఆషాఢపు గాలికి పక్క మేడ మీది ఫ్లెక్సీ ఒకటి ఎగిరొచ్చి చివరి వరుస మీద కప్పుకుని ఉంది.